కాగితం మీద తవ్విన బావి

1960లో అమెరికాలోని ఫెడరల్ పవర్ కమిషన్ తన ముందు పేరుకుపోయిన గ్యాసు ధరల కేసులను లెక్కబెట్టుకుంది. సిబ్బందిని ఉన్నపళంగా మూడింతలు చేసినా, కొత్తగా వచ్చేవాళ్ళు పాతవాళ్ళంత పనిమంతులే అయినా, కేసులన్నీ ఒక కొలిక్కి వచ్చేసరికి 2043వ సంవత్సరం వస్తుందని తేలింది. అంటే ఎనభై రెండున్నరేళ్ళు. ఈ సంగతి కమిషనే తన ఉత్తర్వులో రాసుకుంది.

నేనీ మాట మొదటిసారి చదివింది 2013 ఎండాకాలంలో, రాత్రి రెండు గంటలకు, గోదావరి ఒడ్డున ఒక గ్యాసు విద్యుత్ కేంద్రం కంట్రోల్ రూములో కూర్చుని. నేనక్కడ షిఫ్టు ఇంజినీరుని. ఆ మార్చి నుంచి మాకు గ్యాసు రావడం లేదు. టర్బైను నడపకపోయినా దాని పనులు దానికి ఉంటాయి. రోటరును వదిలేస్తే సొంత బరువుకే వంగిపోతుంది కాబట్టి అప్పుడప్పుడు టర్నింగ్ గేరు మీద మెల్లగా తిప్పాలి. బాయిలరు గొట్టాలు తుప్పు పట్టకుండా లోపల నైట్రోజన్ నింపి ఉంచాలి. లాగ్ బుక్కులో గంటగంటకూ గ్యాసు పీడనం రాయాలి. మీటరు ముల్లు కదలకపోయినా రాయాలి. కొన్ని నెలలపాటు నేను ఆ గడిలో ఒకే అంకె వేశాను.

ఈ గతి ఎవరికైనా ముందే పట్టి ఉంటుందా, పట్టినవాళ్ళు ఏం చేశారు అని వెతకడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాట నన్ను అమెరికా గ్యాసు చరిత్రలోకి తీసుకెళ్ళింది. అక్కడ నాకు ధరల గొడవ ఒక్కటే కనబడలేదు. ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకునే ముందు దాన్ని కాగితం మీద, తర్వాత కంప్యూటరు మీద నడిపి చూడవచ్చని కొందరు పట్టుబట్టిన కథ కూడా కనబడింది. దాన్ని చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మొదలు 1938లో ఉంది. ఆ ఏడు అమెరికా కాంగ్రెస్ సహజవాయువు చట్టం చేసింది. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి గ్యాసు మోసే పైపులైను కంపెనీలు ఊరికి ఒకటే ఉండేవి. వాటికి పోటీ లేదు. అడిగినంత గుంజుకుంటాయని, వాటి ధరలను ఫెడరల్ పవర్ కమిషన్ చూడాలన్నారు. అంతవరకూ సబబే. 1954లో ఫిలిప్స్ పెట్రోలియం కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. రాష్ట్రం దాటి అమ్ముడుపోయే గ్యాసుకు బావి దగ్గర పలికే ధర కూడా కమిషన్ చేతిలోనే ఉండాలని తీర్పు చెప్పింది. పైపులైను కంపెనీలు కొన్నే. బావులు తవ్వి గ్యాసు అమ్మేవాళ్ళు మాత్రం వేలమంది. ప్రతి ఒక్కరి ఖర్చూ విడివిడిగా లెక్కగట్టి ధర చెప్పాలి. 2043 అన్న అంకె అలా పుట్టింది.

కమిషన్ అప్పుడు మనిషి మనిషికీ కాకుండా ప్రాంతానికో ధర పెట్టే పద్ధతికి మారింది. దేశంలో గ్యాసు దొరికే నేలను 23 ప్రాంతాలుగా విడగొట్టింది. మొదటగా చేపట్టిన పెర్మియన్ బేసిన్‌లో తీర్పు 1965లో వచ్చింది. టెక్సాసు వైపు కొత్త గ్యాసుకు వెయ్యి ఘనపుటడుగులకు 16.5 సెంట్లు, పాత గ్యాసుకు 14.5 సెంట్లు. సుప్రీంకోర్టు 1968లో దాన్ని ఖాయం చేసింది. ఇది దురుద్దేశంతో చేసిన పని కాదు. చలికాలంలో పొయ్యి వెలిగించుకునే ఇల్లాలి బిల్లు పెరగకూడదని చేసిన పని. ఆ ఉద్దేశం మీద నాకు గౌరవం ఉంది. చిక్కల్లా ఒకటే: గ్యాసు చవక కావడంతో అందరూ దానికే మళ్ళారు, వెతికేవాళ్ళకు మాత్రం వెతకడం గిట్టుబాటు కాలేదు.

అంకెలు చూడండి. 1945లో అమెరికా బావుల నుంచి వచ్చిన గ్యాసు ఏడాదికి సుమారు 4 లక్షల కోట్ల ఘనపుటడుగులు. 1970 నాటికి దాదాపు 22 లక్షల కోట్లు. పాతికేళ్ళలో అయిదింతలు దాటింది. ఆ రంగంలో వాళ్ళు ఎప్పుడూ చూసుకునే కొలత ఒకటుంది: రుజువైన నిల్వను ఏడాది వాడకంతో భాగిస్తే ఎన్నేళ్ళు వస్తుంది? రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో అది ముప్ఫై ఏళ్ళకు పైనే ఉండేది. 1973కి పదకొండేళ్ళకు పడింది. 1968లో మొదటిసారి, ఆ ఏడు కొత్తగా నిల్వల్లో చేరిన గ్యాసు కంటే తోడేసింది ఎక్కువైంది. 1970ల మొదట్లోనే పైపులైను కంపెనీలు ఒప్పుకున్న గ్యాసు ఇవ్వలేక కోతలు మొదలెట్టాయి.

సరిగ్గా ఆ రోజుల్లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రోజర్ నెయిల్ అనే విద్యార్థి మాస్టర్స్ థీసిస్ రాస్తున్నాడు. అది 1972లో వచ్చింది. తరిగిపోయే వనరు ఒకటి కనుగొన్న దగ్గర్నుంచి అయిపోయేదాకా ఎలా నడుస్తుంది అన్నది విషయం. ఉదాహరణగా అమెరికా సహజవాయువును తీసుకున్నాడు.

అతని వెనకాల ఉన్న బడి గురించి రెండు మాటలు చెప్పాలి. ఆ పద్ధతికి మూలపురుషుడు జే ఫారెస్టర్. నెబ్రాస్కాలో పశువులు మేపే కుటుంబంలో పుట్టాడు. తొలినాటి కంప్యూటర్లకు అయస్కాంత జ్ఞాపకశక్తి తయారుచేసిన ఇంజినీరు. 1950ల్లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు ఆయన దగ్గర తమ గోడు చెప్పుకున్నారు. కెంటకీలో వాళ్ళ ఫ్యాక్టరీకి కొన్నేళ్ళు పని ముంచుకొస్తుంది, ఆ తర్వాత సగంమందికి పని ఉండదు. ఎందుకో వాళ్ళకు అంతుపట్టలేదు. ఫారెస్టర్ నోటుపుస్తకం తీసి వరసలు గీశాడు. ఈ వారం సరుకు ఇంత, ఆర్డర్లు ఇన్ని, మనుషులు ఇందరు, ఇప్పుడున్న పద్ధతినే పాటిస్తే వచ్చే వారం ఎంత? అలా పెన్సిలుతో వారం వెనక వారం రాసుకుంటూ పోయాడు. బయట గిరాకీ నిలకడగా ఉన్నా లోపలి నిర్ణయాలే ఆటుపోట్లు పుట్టిస్తున్నాయని తేలింది. ఆ పెన్సిలు వరసలే తర్వాత డైనమో అనే కంప్యూటరు భాషగా మారాయి, ఆ శాస్త్రానికి సిస్టమ్ డైనమిక్స్ అని పేరొచ్చింది. ఆయన పద్ధతిలోనే డెనిస్ మెడోస్ బృందం 1972లో ప్రపంచమంతా చర్చించుకున్న 'ది లిమిట్స్ టు గ్రోత్' తెచ్చింది. మెడోస్ డార్ట్‌మౌత్ కాలేజీకి వెళ్తే నెయిల్ కూడా ఆయనతోపాటే వెళ్ళాడు.

నెయిల్ నమూనాను మొదటిసారి చదివినప్పుడు నాకు మా నాన్నే గుర్తొచ్చాడు. ఆయన గోదావరి మధ్య డెల్టా కాలువల మీద లస్కరు. పొద్దున ఆరింటికి గేజీ చూసి రిజిస్టరులో రాయడం, పై నుంచి కబురొస్తే తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. చిన్నప్పుడు నేనొకసారి అడిగాను, శివారు చేలవాళ్ళు నీళ్ళు రాలేదని వచ్చి అరుస్తుంటే తలుపు ఇంకాస్త ఎత్తొచ్చు కదా అని.

"ఎత్తానురా నిన్ననే. ఆ నీళ్ళు దారిలో ఉన్నాయి. వాళ్ళ చేలోకి వెళ్ళడానికి ఇంకో రెండ్రోజులు పడుతుంది. ఇప్పుడు వాళ్ళ అరుపులకి మళ్ళీ ఎత్తాననుకో, ఎల్లుండి గట్టు తెగుద్ది. అప్పుడొచ్చి ఇంకో రకంగా అరుస్తారు."

నెయిల్ నమూనాలో ఉన్నది ఇదే. పైన ఒక చెరువు: భూమిలో ఉండి ఇంకా ఎవరూ కనుక్కోని గ్యాసు. దాని కింద ఇంకో చెరువు: కనుక్కుని రుజువు చేసిన నిల్వ. రెండింటి మధ్య తూము పేరు అన్వేషణ. రెండో చెరువు నుంచి బయటికి పోయే తూము పేరు వాడకం. ఈ తూములను ఎత్తే చేతులు ఎవరివి? నిల్వ వాడకంతో పోలిస్తే తగ్గితే ధర పెరగాలి. ధర పెరిగితే తవ్వేవాళ్ళ చేతిలో డబ్బు పెరుగుతుంది, ఇంకా తవ్వుతారు, కొన్నేళ్ళకు కొత్త గ్యాసు దొరుకుతుంది. అదే ధర వాడేవాళ్ళకు నొప్పి పెడుతుంది, మెల్లగా వాడకం తగ్గించుకుంటారు. పై చెరువు అడుగంటుతున్నకొద్దీ అదే గ్యాసు కోసం ఇంకా లోతుకు, ఇంకా దూరానికి పోవాలి కాబట్టి ఒక్కో ఘనపుటడుగు గ్యాసు కనుక్కునే ఖర్చు పెరుగుతూ పోతుంది. మొత్తం కథ ఇంతే. కాకపోతే ప్రతి తూముకూ ఆలస్యం ఉంది. తలుపు ఎత్తిన రోజున నీరు రాదు.

అదివరకు కింగ్ హబ్బర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1956లో గంట ఆకారపు గీత ఒకటి గీశాడు. వనరు వాడకం పెరుగుతుంది, శిఖరం చేరుతుంది, దిగుతుంది అని ఆ గీత చెప్పింది. ఆ గీతను లోపల్నుంచి లాగుతున్నదెవరో చూపెట్టడమే నెయిల్ చేసిన పని. లాగే తాళ్ళు కనబడితే ప్రభుత్వం వాటిలో దేన్ని పట్టుకుందో, దేన్ని తెంపిందో కూడా కనబడుతుంది.

ఆ ఎండాకాలం రాత్రుల్లో నేను ఈ నమూనాను మా ఆఫీసు కంప్యూటరులో ఎక్సెల్ షీటు మీద మళ్ళీ కట్టాను. ఒక వరస ఒక సంవత్సరం. నిలువు వరసలు ఏడు: కనుక్కోని నిల్వ, రుజువైన నిల్వ, వాడకం, ధర, తవ్వకం మీద పెట్టుబడి, కనుక్కునే ఖర్చు, ఆ ఏడు దొరికిన గ్యాసు. ప్రతి వరసా దాని పై వరస నుంచే పుడుతుంది. ఈ ఏటి నిల్వ అంటే పోయినేటి నిల్వకు దొరికింది కలిపి, వాడింది తీసేయడమే. తవ్వకానికి డబ్బు పెట్టిన ఏటికీ గ్యాసు చేతికొచ్చే ఏటికీ మధ్య నాలుగేళ్ళ ఎడం పెట్టాను. నాకు నిజంగా తెలిసిన అంకెలను తెల్లగా ఉంచాను. నేను ఊహించి వేసినవాటికి పసుపు రంగు పూశాను. ఏది తెలుసో ఏది అనుకుంటున్నామో కలిసిపోకూడదని.

నా జూనియరు ఒకబ్బాయి టీ తెచ్చిపెట్టి తెరలోకి తొంగిచూసేవాడు. "గ్యాసు రానప్పుడు ఈ లెక్కలెందుకండీ గురువుగారూ?" అని అడిగాడొక రాత్రి.

"గ్యాసున్నప్పుడు వెయ్యలేదు కదా నాన్నా. ఇప్పుడైనా వేద్దాం, కూర్చో" అన్నాను.

ఇద్దరం కలిసి మొదట ధరకు తాళం వేసి నడిపాం. అంటే నిల్వ తగ్గినా ధర కదలకూడదు. మొదటి పాతికేళ్ళు ఏ గొడవా లేదు. వాడకం ఏటా ఆరేడు శాతం చొప్పున పెరుగుతూ పోయింది, నిల్వ చాలానే ఉంది, పాలసీ బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టే కనబడింది. లోపల మాత్రం రెండు తాళ్ళు తెగిపోయి ఉన్నాయి. తవ్వేవాడికి కబురు అందలేదు, వాడేవాడికీ అందలేదు. తర్వాత నాలుగైదు వరసల్లోనే నిల్వ వాడకానికి చాలకుండా పోయింది. అప్పుడు తాళం తీశాం. ధర ఎగిరింది. కొత్త గ్యాసు మాత్రం నాలుగు వరసల కిందగానీ రాలేదు. ఆ నాలుగు వరసలను నా జూనియరు వేలితో లెక్కబెట్టి, "ఈ నాలుగేళ్ళూ జనం ఏం చేశారండీ?" అన్నాడు.

ఇంకోటి కూడా చేశాం. భూమిలో గ్యాసు మేమనుకున్నదానికి రెట్టింపు ఉందనుకుని పసుపు గడి మార్చాం. శిఖరం ఎంతో వెనక్కి జరుగుతుందనుకున్నాం. కొన్నేళ్ళే జరిగింది. తర్వాత కాగితం మీద లెక్కగడితే ఎందుకో అర్థమైంది. వాడకం ఏటా ఏడు శాతం పెరుగుతుంటే పదేళ్ళకు రెట్టింపవుతుంది. అంటే రాబోయే పదేళ్ళలో వాడేది, ఇప్పటిదాకా చరిత్రలో వాడినదంతటికీ సమానం. చెరువు సగం నిండుగా ఉంటే పదేళ్ళు వస్తుంది. అలాంటి నిండు చెరువు ఇంకోటి దొరికినా మరో పదేళ్ళే. ఈ ఒక్క లెక్క మనసుకు ఎక్కితే, కొత్త బావి పడిందన్న వార్త వినగానే సంబరపడే ముందు మనిషి ఒక్క క్షణం ఆగుతాడు.

అదే కాలంలో, అదే మసాచుసెట్స్ సంస్థలో, వేరే దారిలో ఇద్దరు ఆర్థికవేత్తలు ఇదే ప్రశ్న వేశారు. పాల్ మెకవాయ్, రాబర్ట్ పిండైక్. వాళ్ళు తూముల బొమ్మ గీయలేదు. గడిచిన ఏళ్ళ అంకెలను పట్టుకుని, ధర ఇంత మారితే ఎన్ని బావులు తవ్వారు, ఎంత దొరికింది, పైపులైన్లు ఎంత కొన్నాయి, పట్టణాలు ఎంత వాడాయి అని సమీకరణాలు కట్టారు. వాటిని 1980 దాకా ముందుకు నడిపారు. మొదటి వ్యాసం 1973లో, పుస్తకం 1975లో వచ్చాయి. మూడు దారులు పరీక్షించారు: ఉన్న నియంత్రణ ఇలాగే సాగితే, ఇంకా బిగిస్తే, ధరను అంచెలంచెలుగా వదిలేస్తే. బిగించినకొద్దీ కొరత పెరిగింది. అంచెలంచెలుగా వదిలినప్పుడే దశాబ్దం చివరికి కొరత తీరే దారి కనబడింది.

ఈ రెండు బడులకీ పడేది కాదు. ధర సరిగ్గా ఉంటే గ్యాసు వస్తుందని ఆర్థికవేత్తలు. వస్తుంది, కానీ చెరువుకు అడుగుంది, ఈలోగా వేరే ఇంధనానికి మళ్ళే ఏర్పాటు చూసుకోండని నెయిల్. గొడవ ఎలా ఉన్నా ఇద్దరూ ఒక మాట దగ్గర కలిశారు: ఇవాళ్టి నిర్ణయం ఫలితం కొన్నేళ్ళ తర్వాతగానీ రాదు. కొరత కళ్ళబడ్డాక నిర్ణయం తీసుకుంటే ఆ కొన్నేళ్ళూ జనమే మోయాలి.

జనమే మోశారు. కమిషన్ 1974లో దేశమంతటికీ ఒకే ధర పెట్టింది, మొదట 42 సెంట్లు. 1976 జులైలో కొత్త గ్యాసుకు 1.42 డాలర్లు చేసింది. అప్పటికే ఆలస్యమైంది. ఇంకో చిక్కు కూడా ఉంది. రాష్ట్రం దాటే గ్యాసుకే నియంత్రణ. టెక్సాసు గ్యాసు టెక్సాసులోనే అమ్మితే ధర వాళ్ళ ఇష్టం, అది రెండు డాలర్ల దరిదాపులకు పోయింది. అమ్మేవాడు ఎటు అమ్ముతాడు? గ్యాసు పుట్టిన రాష్ట్రాల్లో గ్యాసు ఉంది, ఉత్తరాన చలిలో వణికే రాష్ట్రాలకు లేదు.

1977 జనవరి వచ్చింది. సిన్సినాటిలో 18వ తేదీన మైనస్ 32 డిగ్రీల సెల్సియస్. ఒహాయో నది గడ్డకట్టి, జనం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నడిచి వెళ్ళారు. గ్యాసు చాలక ఫ్యాక్టరీలు మూతబడ్డాయి, లక్షలాదిమందికి పని పోయింది. ఒహాయో రాజధాని కొలంబస్‌లో ఫిబ్రవరి నెలంతా బడులు మూసి, పాఠాలు టీవీలో, రేడియోలో, దినపత్రికల్లో చెప్పారు. పిల్లలు వారానికోసారి గ్యాసు అక్కర్లేని వేరే భవనాల్లో టీచర్లను కలిసేవాళ్ళు. అప్పుడే పదవిలోకి వచ్చిన జిమ్మీ కార్టర్ ఫిబ్రవరి 2న అత్యవసర గ్యాసు చట్టం మీద సంతకం పెట్టాడు. ఆ రాత్రి వైట్‌హౌస్‌లో నెగడు పక్కన ఉన్ని స్వెటరు వేసుకుని కూర్చుని, ఇళ్ళలో వేడి పగలు 65 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, రాత్రి 55కు తగ్గించుకోమని దేశాన్ని అడిగాడు.

నా జూనియరు వేసిన ప్రశ్నకు జవాబు ఇదే. ఎక్సెల్ షీటులో ఖాళీగా కనబడిన నాలుగు వరసలు కొలంబస్‌లో మూతబడ్డ బడులు.

1978 నవంబరులో సహజవాయువు విధాన చట్టం వచ్చింది. రాష్ట్రం లోపలి గ్యాసునూ బయటి గ్యాసునూ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. ధరలను కొన్నేళ్ళలో వదిలేయడానికి దారి వేసింది. కానీ గ్యాసును ఇరవైకి పైగా తరగతులు చేసింది. పదిహేను వేల అడుగుల కింద దొరికే గ్యాసుకు ధర పరిమితి తీసేశారు. దాంతో ఓక్లహోమాలో లోతు బావుల కోసం జనం ఎగబడ్డారు. ఒక దశలో లోతు గ్యాసు తొమ్మిది డాలర్ల దాకా పలికింది. మునుపటి కొరత భయంతో పైపులైను కంపెనీలు, తీసుకున్నా తీసుకోకపోయినా డబ్బు కడతామని ఒప్పందాలు రాసిచ్చాయి. ఇంతలో వాడేవాళ్ళు వాడకం తగ్గించేశారు. 1982 జులైలో, ఆ తవ్వకాలకు విచ్చలవిడిగా అప్పులిచ్చిన ఓక్లహోమా సిటీలోని పెన్ స్క్వేర్ బ్యాంకు మూతబడింది. కొరత పోయి, కొనేవాడు లేని మిగులు వచ్చింది. మా నాన్న చెప్పిన గట్టు తెగడం ఇదే. దారిలో ఉన్న నీటిని లెక్కలోకి తీసుకోకుండా తలుపు ఇంకా ఎత్తితే జరిగేది ఇది. చివరికి బావి దగ్గరి ధర నియంత్రణను పూర్తిగా ఎత్తేసే చట్టం 1989లో వచ్చింది. అది 1993 మొదటికల్లా అమల్లోకి వచ్చింది. 1954 తీర్పు నుంచి లెక్కేస్తే నలభై ఏళ్ళకు కాస్త తక్కువ.

నెయిల్ నమూనా మాత్రం ఆగలేదు. గ్యాసుతో మొదలైంది డార్ట్‌మౌత్‌లో బొగ్గును, చమురును, కరెంటును కలుపుకుని కోల్1, కోల్2 అయింది. తర్వాత ఫాసిల్1, ఫాసిల్2. కొత్తగా ఏర్పడిన అమెరికా ఇంధన శాఖలో 1970ల చివర్నుంచి జాతీయ ఇంధన ప్రణాళికల అంచనాలకు ఫాసిల్2ను వాడారు. ఒక విద్యార్థి థీసిస్ కొన్నేళ్ళలో ప్రభుత్వ ఆఫీసు బల్ల మీదికి చేరిందంటే, అడిగేవాళ్ళు లోపల ఉన్నారని అర్థం. అది నాకు అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది.

ఆ నమూనా అన్నీ సరిగ్గా చెప్పిందా? చెప్పలేదు. అమెరికా గ్యాసు 1973లో శిఖరం ముట్టింది, దిగింది, నమూనా చెప్పినట్టే ఉందనుకున్నారు. తర్వాత టెక్సాసులో జార్జ్ మిచెల్ కంపెనీ బార్నెట్ అనే షేల్ రాతి పొరను నీటితో పగలగొట్టి గ్యాసు తీసే పద్ధతిని 1990ల చివర్లో పట్టుకుంది. 2011లో అమెరికా ఉత్పత్తి 1973 శిఖరాన్ని దాటేసింది. చెరువుకు అడుగు ఎక్కడుందో 1972లో ఎవరికీ తెలియదు. ఆ అంకె పసుపు గడిలోది. తూముల ఆలస్యం గురించీ తెగిన తాళ్ళ గురించీ చెప్పినది మాత్రం నిలబడింది. నమూనాను నమ్మాల్సింది అక్కడ. ఎంత గ్యాసుందో చెప్పమని దాన్ని అడగకూడదు. మనం అనుకున్నది తప్పయితే ఎవరు, ఎన్నేళ్ళు బాధపడతారో అడగాలి.

ఇక మా ఇంటి సంగతి. 1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి దగ్గర బావి పేలి నిప్పంటుకుంది. అరవై అయిదు రోజులు మండింది. నేను సంక్రాంతికి ఇంటికి వెళ్ళి డాబా ఎక్కి చూశాను. రాత్రిపూట ఆకాశం ఒక వైపంతా ఎర్రగా ఉంది. కొబ్బరి తోటల మీదుగా ఆగని ఘోష వినబడేది. భయపడుతూనే, జనం ఇంకో మాట కూడా అనుకునేవాళ్ళు: ఇన్ని రోజులుగా మండుతోందంటే అడుగున ఎంత ఉందో! నేనూ అదే అన్నాను. నాన్న చాలాసేపు చూసి, "పైకి ఎంత వస్తోందో అదేరా మనకి కనబడేది. అడుగున ఎంతుందో దీన్ని చూసి చెప్పలేం" అన్నాడు. తూము నుంచి పోయే నీటి జోరు చూసి చెరువు నీటి లెక్క కట్టకూడదని ఆయనకు లాకు దగ్గర తెలిసింది.

ఆ తర్వాత 2002లో లోతు సముద్రంలో కృష్ణా గోదావరి బేసిన్ డీ6 బ్లాకులో గ్యాసు పడింది. 2006లో ఆమోదించిన ప్రణాళికలో రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు అనుకున్నారు. ధర యూనిట్‌కు 4.20 డాలర్లని ప్రభుత్వం 2007లో ఖాయం చేసింది. కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల గొట్టం వేశారు. ఎరువులకు ముందు, తర్వాత వంటగ్యాసుకు, కరెంటుకు అని వరసలు రాశారు. ఆ గ్యాసును నమ్ముకుని ముందే కట్టిన కరెంటు కేంద్రాలు రెండు మూడేళ్ళు ఎదురుచూశాయి. 2009 ఏప్రిల్‌లో గ్యాసు వచ్చింది. 2010లో 6 కోట్లు దాటింది. అక్కడి నుంచి దిగడం మొదలెట్టి 2013కి 2 కోట్లకు దిగువకు పడింది. ఆ మార్చిలో కరెంటు కేంద్రాలకు డీ6 గ్యాసు ఆగిపోయింది. 2015లో కేంద్ర ప్రభుత్వం లెక్కగడితే, దేశంలో చుక్క దేశీయ గ్యాసు అందని కేంద్రాల సామర్థ్యం 14,305 మెగావాట్లు. వాటిలో ఎన్నో మా గోదావరి, కృష్ణా జిల్లాల్లోవే.

తప్పు భూమిదా, తవ్వినవాళ్ళదా, ధరదా అన్న వాదం పెద్దది, అందులోకి నేను పోను. నాకు నొప్పి వేరే చోట ఉంది. మా కేంద్రం కోసం పొలాలిచ్చిన రైతులున్నారు. అప్పు తెచ్చి కట్టిన కాంక్రీటు ఉంది. మూడు షిఫ్టుల్లో పనిచేస్తామని ఇళ్ళు కట్టుకున్న కుర్రాళ్ళున్నారు. మా జూనియరు అందులో ఒకడు. ఆరు నెలల తర్వాత జీతం సగమై గుజరాత్ వెళ్ళిపోయాడు. నిర్ణయం తీసుకున్న రోజున, "ఒకవేళ సగమే వస్తే? ఒకవేళ నాలుగేళ్ళకే తగ్గితే?" అని నడిపిచూసిన కాగితం మా ముందు ఎవరూ పెట్టలేదు. ఆ సరఫరా పట్టికలో ప్రతి అంకె తెల్లగానే ఉంది. అనుకున్నదీ తెలిసినదీ ఒకే రంగులో రాసిచ్చారు.

కాలువల్లో నీళ్ళు తక్కువైన దాళ్వా ఏళ్ళలో మా దగ్గర వంతులవారీ విధానం పెట్టేవాళ్ళు. నాట్లకు ముందే ఇరిగేషన్‌వాళ్ళు రైతులను కూర్చోబెట్టి నీళ్ళు ఇన్ని ఉన్నాయి, ఇన్ని ఎకరాలకే చాలుతాయి, ఇంతకుమించి నాటితే మాది పూచీ కాదని చెప్పేవాళ్ళు. రైతులు వాళ్ళతో గొడవపడేవాళ్ళు, కసురుకునేవాళ్ళు, చివరికి ఎవరి వంతు ఎప్పుడో రాసుకుని వెళ్ళేవాళ్ళు. నాటిన తర్వాత చెప్పడం వేరు, నాటకముందే చెప్పడం వేరు. గ్యాసు విషయంలో నేను అడిగేది అంతే. ఒక బ్లాకు గ్యాసు మీద ఆధారపడి ఎరువుల ఫ్యాక్టరీకి, కరెంటు కేంద్రానికి, ఊరి వంటింటి గొట్టానికి అనుమతి ఇచ్చే ముందు నమూనా నడపండి. నడిపింది దాచిపెట్టకుండా జిల్లా కేంద్రంలో జనం ముందు పెట్టండి. అనుకున్నంత వస్తే ఏమవుతుంది, సగం వస్తే ఏమవుతుంది, ఆలస్యంగా వస్తే ఆ నడి ఏళ్ళు ఎవరు మోస్తారు అన్నది మూడు గీతలుగా గీసి చూపండి. రైతుకు గీత అర్థం కాదని ఎవరైనా అంటే, మా నాన్న గేజీ రిజిస్టరు చూపిస్తాను. అరవై ఏళ్ళ కిందటి ఆ పుస్తకాల్లో ప్రతి పొద్దున ఆరింటి నీటిమట్టం ఉంది, పక్కన ఎర్ర సిరాతో నాన్న దస్తూరీలో 'రేపు వచ్చునని అంచనా' అని ఇంకో అంకె ఉంది. ఆయన తెలిసినది నల్ల సిరాతో రాసేవాడు, అనుకున్నది ఎర్ర సిరాతో.

నేను 2018లో రిటైరయ్యాను. ఆ ఎక్సెల్ షీటు నా దగ్గరే ఉంది. మా ఊరికి దగ్గర పాలిటెక్నిక్‌లో పిల్లలకు నెలకోసారి చూపిస్తుంటాను. ముందుగా పసుపు గడులు చూపించి, వీటిలో ఏదో ఒకటి మార్చమని చెప్తాను. వాళ్ళు మారుస్తారు, కింద వరసలన్నీ కదులుతాయి, కొన్నేళ్ళ దిగువన నిల్వ సున్నాకు చేరిన గడి కనబడుతుంది. ఆ ఏటి అంకె మీద వేలు పెట్టి, ఆ ఏడాది తమ ఊళ్ళో ఎవరెవరు ఉంటారో పేర్లు రాయమంటాను.